రిజిస్ట్రారు లేని సంఘాలు

(కావలిలో న్యాయ విద్యార్థులు, న్యాయవాదులు, గ్రంథాలయ పాఠకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. 'అంతర్జాతీయ సంస్థలు - చట్టపరమైన పునాదులు' అని కరపత్రంలో వేశారు. ఆ పేరు చూశాక సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయనుకున్నాను. ఇంతమంది వచ్చారు, సంతోషం. నేరుగా విషయంలోకి వస్తాను.

జువ్వలదిన్నెలో కొందరు మత్స్యకారులు కలిసి సహకార సంఘం పెట్టుకోవాలనుకున్నారనుకోండి. బైలాస్, అంటే సంఘం నియమావళి రాసుకుంటారు, 1964 సహకార సంఘాల చట్టం కింద దరఖాస్తు పెడతారు. రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి సంఘం తన పేరు మీద ఆస్తి కొనొచ్చు, అప్పు తేవొచ్చు, కోర్టుకు వెళ్లొచ్చు. దాని మీద ఎవరైనా కేసూ వేయొచ్చు. ఆ శక్తి దానికి చట్టం ఇచ్చింది. దారి తప్పితే విచారణ వేయడానికి పైన రిజిస్ట్రారు ఉన్నాడు.

మరి ఐక్యరాజ్యసమితిని రిజిస్టరు చేసిందెవరు? ఎవరూ లేరు. దేశాలన్నిటికీ కలిపి చట్టం చేసే పార్లమెంటు లేదు, రిజిస్ట్రారు ఆఫీసు లేదు. ఉన్నదల్లా దేశాలు తమలో తాము రాసుకుని సంతకాలు పెట్టుకున్న ఒప్పందం. పైన ఎవరూ లేని సంఘం ఎలా పుడుతుంది, ఎంతవరకు పోగలదు, అది మనకు నష్టం చేస్తే అడిగేదెవరు - ఈ మూడే ఈ సాయంత్రం మాట్లాడతాను. మూడోదానికి నాకు తృప్తినిచ్చే జవాబు దొరకలేదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను నిలదీయొద్దు. (నవ్వులు)

మొదట ఈ సంఘాలు పుట్టింది శాంతి కోసం కాదు, పనుల కోసం. రైన్ నది మీద పడవలు నడవడానికి 1815లో వియన్నాలో ఒక కమిషన్‌కు పునాది వేశారు. టెలిగ్రాఫ్ తీగలు సరిహద్దులు దాటాలి కాబట్టి 1865లో పారిస్‌లో టెలిగ్రాఫ్ యూనియన్, ఉత్తరాల కోసం 1874లో బెర్న్‌లో పోస్టల్ యూనియన్ వచ్చాయి. 1876కల్లా మన దేశం కూడా పోస్టల్ యూనియన్‌లో సభ్యురాలు. అప్పటికి మనకు స్వాతంత్ర్యం ఊసే లేదు, కానీ పోస్టు సభ్యత్వం ఉంది! నానాజాతి సమితిలోనూ అంతే, ఇంగ్లండు పాలనలో ఉండగానే మొదటి సభ్యుల్లో ఒకరం.

ఐక్యరాజ్యసమితి చార్టర్, అంటే దాని పునాది ఒప్పందం మీద 1945 జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాలు సంతకాలు చేశాయి. పోలెండ్ కొంచెం ఆలస్యంగా చేసింది. దానితో వ్యవస్థాపక సభ్యులు 51. అక్టోబరు 24న చార్టర్ అమల్లోకి వచ్చింది. భారతదేశం తరఫున సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకరు సర్ ఆర్కాట్ రామస్వామి ముదలియార్. పుట్టింది కర్నూలులో. తర్వాత ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. 1947లో దేశం రెండైనప్పుడు పాత సభ్యత్వం ఎవరిదనే చిక్కు వచ్చింది. ఇండియా పాత సభ్యురాలిగానే కొనసాగింది, పాకిస్తాన్ కొత్తగా దరఖాస్తు పెట్టుకుని ఆ సెప్టెంబరులో చేరింది. ఆస్తి పంపకాల కేసులు నడిపే న్యాయవాదులకు ఇది వింతగా అనిపించదు.

సరే, ఒప్పందం రాశారు, సంస్థ వచ్చింది. అది ఒక 'వ్యక్తా' కాదా? అంటే తన పేరు మీద హక్కులు అడగగలదా? చార్టర్‌లో 104వ ఆర్టికల్, ప్రతి సభ్యదేశం భూభాగంలో సంస్థకు పనికి కావలసినంత చట్టపరమైన శక్తి ఉంటుందంటుంది. అక్కడితో ఆగింది. దేశాల మధ్య వ్యవహారంలో ఈ సంస్థకు ఏ హోదా ఉందో చార్టర్‌లో ఎక్కడా తేల్చి రాయలేదు. ఆ జవాబు ఒక హత్య తర్వాత వచ్చింది.

స్వీడన్‌కు చెందిన కౌంట్ ఫోక్ బెర్నడాట్‌ను పాలస్తీనా గొడవలో మధ్యవర్తిగా ఐక్యరాజ్యసమితి పంపింది. 1948 సెప్టెంబరు 17న జెరూసలేంలో ఆయన కారు ఆపి కాల్చి చంపారు. పక్కనున్న ఫ్రెంచి కర్నల్ కూడా చనిపోయాడు. చంపింది లేహి అనే యూదు సాయుధ ముఠా. నష్టపరిహారం అడగాలి. ఎవరు అడగాలి? మామూలుగా అయితే చనిపోయినవాడి దేశం అడుగుతుంది. కానీ ఆయన వెళ్లింది స్వీడన్ పని మీద కాదు కదా. ఇంకో చిక్కు, ఇజ్రాయెల్ అప్పటికి సభ్యదేశం కాదు. చార్టర్ మీద సంతకం పెట్టనివాళ్ల మీద ఆ చార్టర్‌తో పుట్టిన సంస్థ ఏ హక్కుతో దావా వేస్తుంది? ఇద్దరు రాసుకున్న కాగితం మూడోవాడిని కట్టిపడేయదని మన ఒప్పందాల చట్టంలో మొదటి పాఠమే చెబుతారు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ ప్రశ్నను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపింది. 1949 ఏప్రిల్ 11న కోర్టు అభిప్రాయం చెప్పింది. ఐక్యరాజ్యసమితి ఒక దేశం కాదు, దేశాలకు పైన ఉన్న మహాదేశమూ కాదు. అయినా దానికి అప్పజెప్పిన పనులు చూస్తే, అంతర్జాతీయ వ్యక్తిత్వం లేకుండా ఆ పనులు జరగవు. కాబట్టి ఆ వ్యక్తిత్వం ఉన్నట్టే. ప్రపంచ దేశాల్లో అత్యధిక భాగానికి ప్రాతినిధ్యం వహించిన యాభై దేశాలు కలిసి సృష్టించిన సంస్థ కాబట్టి, సంతకం పెట్టనివాళ్లు కూడా దాని ఉనికిని గుర్తించాల్సిందే. ఇదీ కోర్టు మాట. ఇజ్రాయెల్ ఆ మే నెలలో సభ్యదేశమైంది, 1950లో పరిహారం కట్టింది.

విద్యార్థులు ఇక్కడ ఒకటి గమనించాలి. కోర్టు పని నుంచి శక్తిని రాబట్టింది. పని అప్పజెప్పారంటే దానికి కావలసిన అధికారం కూడా ఇచ్చినట్టేనని. చాలామంది పండితులు ఈ తీర్పును మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను, కానీ కొంచెం భయంతో. సంఘానికి హక్కులు అడిగే నోరు వచ్చింది, బాగుంది. బాధ్యతల కోసం దాని గొంతు పట్టుకునే చెయ్యి మాత్రం ఆ తీర్పులో రాలేదు. అది తర్వాత.

ముందు హద్దుల సంగతి. కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడల వెనకభాగం ఎప్పుడైనా చూశారా? ఓడ పేరు కింద రిజిస్ట్రేషన్ ఊరు రాసి ఉంటుంది. చాలాసార్లు అది పనామా గానీ మన్రోవియా గానీ అయి ఉంటుంది. మన్రోవియా అంటే లైబీరియా రాజధాని. యజమాని గ్రీసులోనో జపాన్‌లోనో ఉంటాడు, జెండా మాత్రం లైబీరియాది. ఈ జెండాల మీద ఒక మంచి కేసు ఉంది. ఓడల భద్రత చూసే అంతర్జాతీయ సంస్థ లండన్‌లో ఉంది. దాని ఒప్పందం 1948లో రాసినా అమల్లోకి వచ్చేసరికి 1958 అయింది. అందులో సముద్ర భద్రతా కమిటీకి 14 మంది సభ్యులు, వారిలో కనీసం ఎనిమిది 'అతిపెద్ద ఓడల యజమాని దేశాలు' అయి ఉండాలని రాశారు. 1959లో ఎన్నిక జరిగితే, ఓడల టన్నుల లెక్కలో మూడో స్థానంలో ఉన్న లైబీరియాను, ఎనిమిదో స్థానంలో ఉన్న పనామాను వదిలేశారు. వీళ్లవి పేరుకే ఓడలు, అసలు యజమానులు వేరే అన్నది పెద్ద దేశాల వాదన.

వాదనలో న్యాయం లేకపోలేదు. అయినా 1960 జూన్‌లో హేగ్ కోర్టు 9-5 మెజారిటీతో లైబీరియా, పనామాల పక్షాన నిలబడింది. ఒప్పందంలో రాసిన మాటకు అర్థం రిజిస్టరైన టన్నులే, ఎన్నుకునే హక్కు ఉంది కదా అని ఆ మాటను పక్కన పెట్టలేరు అంది. ఆ కమిటీ ఒప్పందం ప్రకారం ఏర్పడలేదని తేల్చింది. తర్వాత కొత్త కమిటీని ఎన్నుకున్నారు. రెండు చిన్న దేశాలు ఓడల రాజ్యాలను బైలాస్ చూపించి ఓడించాయి. నాకు ఈ కేసు చాలా ఇష్టం.

ఇంకో హద్దు చూడండి, ఇది క్లుప్తంగా చెబుతాను. అణ్వాయుధాలు వాడటం చట్టబద్ధమా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హేగ్ కోర్టును అడిగింది. 1996 జూలైలో కోర్టు జవాబు చెప్పనంది. అణ్వాయుధం వల్ల ఆరోగ్యానికి ఏమవుతుందన్నది నీ పని, దాన్ని వాడటం చట్టబద్ధమా కాదా అన్నది నీ పని కాదు అని. అదే ప్రశ్న సర్వసభ్య సభ అడిగితే అదే రోజు జవాబు చెప్పింది. ప్రతి సంస్థకూ ఒక పని ఉంటుంది, ఆ గట్టు దాటకూడదు.

ఇక మన రొయ్యల సంగతికొస్తాను, ఎదురుచూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. (నవ్వులు) ప్రపంచ వాణిజ్య సంస్థ 1994 ఏప్రిల్‌లో మర్రకేష్‌లో కుదిరిన ఒప్పందంతో 1995 జనవరి 1న మొదలైంది. కొత్తలోనే దాని ముందుకు వచ్చిన పెద్ద కేసుల్లో ఒకటి రొయ్యలది, తాబేళ్లది. సముద్రంలో రొయ్యలు పట్టే ట్రాల్ వలల్లో తాబేళ్లు చిక్కుకుని చనిపోతున్నాయి, తాబేలు బయటపడే పరికరం వలకు బిగించకపోతే ఆ దేశం రొయ్యలు మేం కొనం అని అమెరికా చట్టం చేసింది. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఏటా వస్తాయి, మీకు తెలిసిందే. ఇండియా, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి అమెరికా మీద ఫిర్యాదు చేశాయి. 1998 అక్టోబరులో అప్పీల్ సంస్థ తీర్పు చెప్పింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం ఒప్పందానికి లోబడే ఉంది, కానీ అమలు చేసిన తీరులో వివక్ష ఉంది అని. కొన్ని దేశాలతో కూర్చుని మాట్లాడింది, గడువు ఎక్కువ ఇచ్చింది, మనలాంటి వాళ్లకు అది చేయలేదు. అమెరికా తన మార్గదర్శకాలు మార్చుకుంది. మలేషియా మళ్లీ అడిగితే, 2001లో ఇప్పుడు సరిగానే ఉందన్నారు. అంటే మనం గెలిచామా? పద్ధతి మీద గెలిచాం, పరికరం మీద ఓడాం. 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యలను అదే కారణంతో మళ్లీ ఆపింది. చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యకు ఈ నిషేధం వర్తించదు కాబట్టి రైతుకు పెద్దగా తెలియలేదు, బోట్లవాళ్లకు తెలిసింది.

2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు చాలామంది రైతులు నన్ను అడిగారు, మనం వాణిజ్య సంస్థకు పోవచ్చు కదా సార్ అని. పోవచ్చు. మొదటి మెట్టు, కేసు విచారించే ప్యానెల్ ఉంది. రెండో మెట్టు, ఏడుగురు సభ్యులుండాల్సిన అప్పీల్ సంస్థ, 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. కారణం బైలాస్‌లోనే ఉంది. తీర్పును ఆపాలంటే అందరూ కలిసి వద్దనాలి, గెలిచినవాడు ఎప్పుడూ వద్దనడు కాబట్టి తీర్పు ఆగదు. చాలా తెలివైన ఏర్పాటు. కానీ సభ్యులను నియమించాలంటే అందరూ కలిసి సరేననాలి. అమెరికా వరుసగా కాదంటూ వచ్చింది. ఒక్కొక్కరి పదవీకాలం అయిపోయింది. 2019 డిసెంబరు 10న దిగిపోయిన ఇద్దరిలో ఒకరు మన దేశస్థుడు ఉజల్ సింగ్ భాటియా. ఇప్పుడు ఓడిన దేశం అప్పీల్ వేస్తే చాలు, వినేవాడు లేక కేసు అక్కడే పడి ఉంటుంది. సంస్థను చంపడానికి ఎవరూ చార్టర్ చింపక్కర్లేదు, ఒక నియామకానికి చెయ్యెత్తకపోతే సరిపోయింది. వీటో గురించి అందరూ మాట్లాడతారు. నా లెక్కలో ఇది వీటో కన్నా నిశ్శబ్దంగా చేసే పని, అందుకే ఎక్కువ ప్రమాదం.

సరే, మూడో ప్రశ్న. సంస్థ వల్ల మనకు నష్టం జరిగితే?

మన రాజ్యాంగం 51వ ఆర్టికల్ అంతర్జాతీయ ఒప్పందాలను గౌరవించమంటుంది, 253 వాటిని అమలు చేయడానికి చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఇస్తుంది. చట్టం చేయనిదే ఒప్పందం దానంతటది మన కోర్టులో నడవదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఐక్యరాజ్యసమితి విషయంలో చట్టం త్వరగానే వచ్చింది, 1947లో, ఇమ్యూనిటీల కోసం, అంటే కోర్టు కేసుల నుంచి రక్షణ కోసం! ఆ చట్టం కింద కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి వేరే అంతర్జాతీయ సంస్థలకూ ఆ రక్షణ ఇవ్వొచ్చు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు అలాగే వచ్చింది. అక్కడ ఉద్యోగం పోయినవాళ్లు రిట్ వేస్తే, ఇక్రిశాట్ రాజ్యాంగం చెప్పే 'రాజ్యం' (ప్రభుత్వం, దాని సంస్థలు) కిందికి రాదు, రిట్ నిలబడదు అని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇమ్యూనిటీకి కారణం లేకపోలేదు. ప్రతి దేశంలో ప్రతి కోర్టూ సమన్లు పంపితే ఏ సంస్థా నడవదు. కానీ ఆ గోడ ఎంత ఎత్తుండాలి?

హైతీలో 2010లో ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం నుంచి కలరా నదిలోకి పాకింది. దాదాపు 10 వేల మంది పోయారు. బాధితులు అమెరికా కోర్టులకు వెళితే, ఇమ్యూనిటీ అన్నారు. తన మీది ఫిర్యాదులకు వేరే పరిష్కార మార్గం చూపిస్తానని 1946 ఒప్పందంలో ఐక్యరాజ్యసమితి మాట ఇచ్చి ఉంది. హైతీవాళ్ల ఫిర్యాదులు మాత్రం తీసుకోదగ్గవి కావంది. 2016 చివర్లో ప్రధాన కార్యదర్శి బాన్ కీ-మూన్ క్షమాపణ చెప్పారు. కోర్టు మాత్రం దొరకలేదు.

ఇంతకన్నా మనకు దగ్గరగా ఉన్నది ముంద్రా కేసు. గుజరాత్ తీరంలో ముంద్రా దగ్గర 4 వేల మెగావాట్లకు పైగా ఉన్న బొగ్గు విద్యుత్ కేంద్రానికి ప్రపంచబ్యాంకు కుటుంబంలోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ 2008లో 45 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. వేడినీళ్లు సముద్రంలోకి వదలడం వల్ల చేపలు పోయాయి, బొగ్గు పొడి ఎండుచేపల మీద పడుతోంది, బావుల్లో ఉప్పునీరు చేరింది అని అక్కడి మత్స్యకారులు, రైతులు ఫిర్యాదు చేశారు. బొగ్గు కేంద్రం పక్కన బతకడం గురించి ముత్తుకూరు మండలం వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆ సంస్థకే సొంత ఫిర్యాదుల విభాగం ఒకటుంది. అదే విచారించి, సంస్థ పర్యవేక్షణలో లోపాలున్నాయని 2013లో రాసింది. సంస్థ కదల్లేదు. 2015లో ఆ మత్స్యకారులు వాషింగ్టన్‌లో కేసు వేశారు. ఎక్కడి ముంద్రా, ఎక్కడి వాషింగ్టన్!

కింది కోర్టులు పూర్తి ఇమ్యూనిటీ ఉందని కొట్టేశాయి. 2019 ఫిబ్రవరి 27న అమెరికా సుప్రీంకోర్టు 7-1తో మత్స్యకారుల వైపు తీర్పు ఇచ్చింది. అక్కడి 1945 చట్టం, విదేశీ ప్రభుత్వాలకు ఎంత ఇమ్యూనిటీ ఉందో సంస్థలకూ అంతే అంటుంది. విదేశీ ప్రభుత్వాల ఇమ్యూనిటీ ఈ మధ్యలో తగ్గింది, వ్యాపార వ్యవహారాలకు అది వర్తించదు. కాబట్టి అప్పులిచ్చే సంస్థకూ అంతే తగ్గింది అన్నారు. ఏడు దశాబ్దాల గోడకు కన్నం పడింది. ముంద్రావాళ్లకు పరిహారం వచ్చిందా? రాలేదు. తిరిగి కింది కోర్టుకు వెళితే, నష్టం కలిగించిన పని ఇండియాలో జరిగింది, అమెరికాలో కాదు కాబట్టి మా పరిధిలోకి రాదన్నారు. పై కోర్టు సరేనంది, 2022లో సుప్రీంకోర్టు మళ్లీ వినడానికి ఒప్పుకోలేదు. అంత పెద్ద సూత్రం సాధించిన మనుషులకు రూపాయి దక్కలేదు. న్యాయశాస్త్రం పుస్తకాల్లో మొదటి సగమే ఎక్కువ రాస్తారు, రెండో సగం కూడా చదవండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

విద్యార్థి: సార్, ఐక్యరాజ్యసమితి నుంచి ఒక దేశం బయటికి వెళ్లిపోవచ్చా?

చార్టర్‌లో వెళ్లిపోయే క్లాజు లేదు బాబూ. ఇండోనేషియా 1965లో వెళ్లిపోతున్నానంది, 1966లో తిరిగి వచ్చింది. ఏదో కొన్నాళ్లు సహకారం ఆపినట్టు లెక్కేసి మళ్లీ కూర్చోబెట్టారు, కొత్త దరఖాస్తు కూడా అడగలేదు. ఆరోగ్య సంస్థ రాజ్యాంగంలోనూ ఆ క్లాజు లేదు. కానీ అమెరికా 1948లో చేరేటప్పుడే, ఏడాది నోటీసు ఇచ్చి పోయే హక్కు నాకుందని రాసుకుని చేరింది. ఆ ఏడాది బాకీలు పూర్తిగా కడతానని కూడా రాసింది. 2025 జనవరిలో ఇచ్చిన నోటీసు ఆ హక్కు మీదనే.

న్యాయవాది: అయ్యా, మన తీరంలో ముంద్రా లాంటిది వస్తే క్లయింటుకు ఏం చెప్పాలి?

మంచి ప్రశ్నమ్మా. మొదట కంపెనీనీ, అప్పిచ్చినవాడినీ విడదీయండి. కంపెనీకి ఏ ఇమ్యూనిటీ లేదు. పర్యావరణ అనుమతి షరతులు తీసుకుని పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రిబ్యునల్‌కు, చెన్నైలోని దాని దక్షిణ బెంచికి వెళ్లొచ్చు. గడువులు జాగ్రత్త. రెండోది, అప్పు ఎవరిదో కనుక్కోండి. ప్రపంచబ్యాంకు ప్రభుత్వానికిచ్చిన అప్పయితే, ఫిర్యాదులు విచారించే ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ ఉంది. నర్మద మీది సర్దార్ సరోవర్ ఆనకట్ట గొడవ తర్వాత 1993లో పెట్టారు, అంటే దాని పుట్టుకలో మనవాళ్ల పోరాటమూ ఉంది. ప్రైవేటు కంపెనీకి ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన అప్పయితే, ఇందాక చెప్పిన ఫిర్యాదుల విభాగం. ఆసియా అభివృద్ధి బ్యాంకుకు దానిది దానికుంది. ఇవి కోర్టులు కావు, డిక్రీ రాదు. కానీ ముంద్రాలో లోపాలను సంస్థ సొంత కాగితం మీదే రాయించింది ఆ విభాగమే. ఆ కాగితం లేకుండా వాషింగ్టన్ కేసు అంత దూరం నడిచేది కాదని నా అభిప్రాయం. ఫీజు లేదు, వకీలు ఉండాలన్న నిబంధనా లేదు. ఆ విభాగానికి ఫిర్యాదు ఏ భాషలోనైనా పంపొచ్చు, తెలుగులో రాసినా తీసుకుంటారు.